కారుకి కూడా అప్‌డేట్లు!

ఒకప్పుడు కారు షోరూమ్ నుంచి ఎలా బయటికి వచ్చిందో, మూలపడేదాకా అలాగే ఉండేది. ఇప్పుడు బ్రేకులు, బ్యాటరీ, స్టీరింగు అన్నీ చిన్న చిన్న కంప్యూటర్ల చేతుల్లో ఉన్నాయి. వాటిలోని సాఫ్ట్‌వేర్‌ని డీలరు దగ్గరకు వెళ్ళే పని లేకుండా సెల్ నెట్‌వర్క్ ద్వారానో, వైఫై ద్వారానో మార్చడాన్ని ‘ఓవర్ ది ఎయిర్’ అప్‌డేట్ అంటున్నారు.

దీని సత్తా 2018లో బాగా తెలిసింది. కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక టెస్లా మోడల్ 3ని పరీక్షిస్తే, 60 మైళ్ళ వేగం నుంచి పూర్తిగా ఆగడానికి 152 అడుగులు పట్టింది. కారుని సిఫారసు చేయలేమని పత్రిక రాసింది. కొద్ది రోజుల్లోనే కంపెనీ ఒక అప్‌డేట్ పంపింది. మళ్ళీ పరీక్షిస్తే 133 అడుగులు! స్పానర్ ముట్టకుండానే 19 అడుగులు తగ్గాయి. సంతోషమే. కానీ సాఫ్ట్‌వేర్ రాసి బతికేవాడిగా నా ప్రశ్న ఒకటుంది: ఆ 19 అడుగులు అమ్మకముందే ఎందుకు దొరకలేదు? ‘ముందు విడుదల చేద్దాం, తర్వాత దిద్దుకుందాం’ అనే అలవాటు మా వృత్తిలో ఉన్నదే. వెబ్‌సైటుకి చెల్లుతుందేమో గాని బ్రేకులకి చెల్లదు.

అలాగని అప్‌డేట్లు వద్దనలేం. 2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరు పరిశోధకులు హైవే మీద వెళ్తున్న జీప్ చెరోకీని ఎక్కడో ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్ ద్వారా అదుపులోకి తీసుకుని చూపించారు. ఫియట్ క్రైస్లర్ 14 లక్షల వాహనాలను రీకాల్ చేసి, యజమానులకు యు.ఎస్.బి. డ్రైవులు పోస్టులో పంపవలసి వచ్చింది.

అప్‌డేట్ కూడా బెడిసికొట్టవచ్చు. 2023 నవంబరులో రివియన్ కంపెనీ తప్పు సెక్యూరిటీ సర్టిఫికెట్లున్న అప్‌డేట్ పంపడంతో కొన్ని వాహనాల తెరలు పనిచేయకుండా పోయాయి. బండి మాత్రం నడిచింది. జాగ్రత్తగా కట్టిన వ్యవస్థలో పాత సాఫ్ట్‌వేర్ నకలు పక్కనే ఉంటుంది. కొత్తది మొరాయిస్తే దానికి తిరిగి వెళ్ళవచ్చు.

ఇక రీకాల్ సంగతి. 2023 డిసెంబరులో టెస్లా ఆటోపైలట్ కోసం అమెరికాలో సుమారు 20 లక్షల కార్లను రీకాల్ చేసింది. దిద్దుబాటు అప్‌డేట్ ద్వారానే జరిగింది. “ఇంటి దగ్గరే అయిపోతే దాన్ని రీకాల్ అనడమెందుకు?” అని చాలామంది అడుగుతారు. భద్రతకు సంబంధించిన లోపమైతే, దిద్దే పద్ధతి ఏదైనా చట్టం దృష్టిలో అది రీకాలే.

కొత్తగా ఎమ్మెస్‌కి వచ్చే మన పిల్లలు చాలామంది కొనేది వాడిన కార్లే. రీకాల్ పెండింగులో ఉన్న వాడిన కారుని డీలరు అమ్మకూడదనే నిషేధం అమెరికా ఫెడరల్ చట్టంలో లేదు. కాబట్టి కొనేముందే 17 అక్షరాల విన్ నంబరుని ఎన్.హెచ్.టి.ఎస్.ఏ. వెబ్‌సైటులో వేసి చూడండి. ఉచితమే, నిమిషం పని. ఇల్లు మారినవారికి రీకాల్ ఉత్తరం అందకపోవచ్చు కనుక ఏడాదికి రెండుసార్లు చూసుకోవడం మేలు.

అప్‌డేట్లు ఎన్నేళ్ళు వస్తాయో కూడా అడగండి. 2022లో ఎ.టి. అండ్ టి. తన 3జి నెట్‌వర్క్ ఆపేసినప్పుడు కొన్ని పాత కార్లలో అత్యవసర కాల్ సదుపాయమే పోయింది. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి స్మార్ట్ టీవీ, కెమెరా వంటివాటికి సెక్యూరిటీ అప్‌డేట్ల గడువు చెప్పి తీరాలి. ఆ చట్టం కార్లకు వర్తించదు.

వాడిన కారు తీసుకుంటే పాత యజమాని తన ఆప్ ఖాతా నుంచి దాన్ని తొలగించారో లేదో చూసుకోండి. లేకపోతే అతని ఫోనుతో మీ కారు తలుపులు తెరుచుకోవచ్చు.