అమ్మ ఇచ్చిన పాట, అమ్మ ఇచ్చిన జబ్బు

యథార్థ గాథ

అది 1927 వేసవి. అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో ఒకీమా అనే చిన్న ఊరు. గత్రీల ఇంట్లో కిరసనాయిలు మంటలు లేచి ఇంటి పెద్ద చార్లీ ఒళ్లు కాలింది. నిప్పు పెట్టింది భార్య నోరానే అని ఊరు అనుకుంది. అంతకు ఎనిమిదేళ్ల ముందు పెద్దకూతురు క్లారా దుస్తులకు నిప్పంటుకుని చనిపోయినప్పుడూ వేళ్లన్నీ ఆమె వైపే చూపించాయి. నోరాకు చేతులు స్వాధీనంలో ఉండవు, ముఖం వంకర్లు పోతుంది, ఉన్నట్టుండి కోపం ముంచుకొస్తుంది. పిచ్చిదని తేల్చి నార్మన్‌లోని మానసిక చికిత్సాలయానికి పంపేశారు. అప్పటికి కొడుకు వుడీకి పద్నాలుగేళ్లు.

పాత జానపద గాథలు పాడి వినిపించి వుడీకి పాట అలవాటు చేసింది ఆ తల్లే. 1930లో ఆమె ఆ ఆసుపత్రిలోనే కన్నుమూసింది. ఆమెది హంటింగ్టన్స్ వ్యాధి. మెదడులోని నాడీకణాలను కొద్దికొద్దిగా తినేసే జబ్బు అది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. చాలామందిలో ముప్పై, నలభై ఏళ్ల వయసులో గాని బయటపడదు.

బతుకుదెరువు కోసం వుడీ టెక్సస్‌లోని పాంపాకు చేరాడు. 1935 ఏప్రిల్ 14న ఆకాశమంత ఎత్తున నల్లటి దుమ్ము గోడ ఆ ఊరి మీద విరుచుకుపడింది. పట్టపగలే చీకటైంది. ప్రళయం వచ్చేసిందని జనం దేవుణ్ణి తలుచుకున్నారు. వానల్లేక, అప్పులు తీరక పొలాలు వదిలేసిన వేలాది రైతు కుటుంబాలు కాలిఫోర్నియా దారి పట్టాయి. వుడీ కూడా వాళ్లతో నడిచాడు, గూడ్సు బళ్లెక్కాడు, కూలీల గుడారాల్లో పాడాడు. వాళ్ల ఆకలి, అవమానం, మొండి ఆశ ఆయన గిటారు మీద పాటలయ్యాయి. లాస్ ఏంజెలెస్ రేడియోలో ఆ గొంతు విని వలస కూలీలు తమ ఊరివాడు పలకరించినట్టు సంబరపడ్డారు.

1940 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లోని ఓ చవక హోటల్ గదిలో రాసిన ‘దిస్ ల్యాండ్ ఈజ్ యువర్ ల్యాండ్’ ఇవాళ అమెరికా బడిపిల్లలందరికీ తెలిసిన పాట. మరుసటి ఏడాది కొలంబియా నది ఆనకట్టల గురించి ప్రభుత్వం రాయమంటే ఒక్క నెలలో 26 పాటలు రాశాడు. ఈ యంత్రం ఫాసిస్టులను చంపుతుందని గిటారు మీద రాసుకున్నాడు. పాత జానపద బాణీల్లో ఎక్కువగా తన మాటలే కూర్చి, తానే పాడిన గాయకుడు ఆయన.

1947లో నాలుగేళ్ల కూతురు క్యాథీ అగ్నిప్రమాదంలో చనిపోయింది. గత్రీల ఇంటిని నిప్పు ఇంకా వదల్లేదు. ఆ తర్వాతి ఏళ్లలో ఆయన నడక తూలసాగింది. మాట ముద్దయింది. రాత కాగితం మీద చెల్లాచెదురైంది. తాగుడు ఎక్కువైందన్నారు స్నేహితులు. మనోవ్యాధి అన్నారు కొందరు డాక్టర్లు. తల్లి మీద పడ్డ ముద్రే ఇప్పుడు కొడుకు మీద పడింది. చివరికి 1952లో, నలభయ్యో ఏట, బ్రూక్లిన్ ఆసుపత్రిలో అసలు జబ్బును గుర్తించారు. అంటే చిన్నప్పుడు తల్లిలో చూసిన ప్రతి అవస్థా ఇక తన ఒంట్లో జరగబోతోందన్న మాట. తెలిసిన దారి కావడమే అందులోని నరకం.

ఆ పైన మంటల్లో చెయ్యి కాలి గిటారు కూడా దూరమైంది. 1956లో న్యూజెర్సీలోని గ్రేస్టోన్ పార్క్ మానసిక ఆసుపత్రిలో చేర్చారు. రెండో భార్య మార్జొరీ డాన్సర్. అప్పటికే విడాకులైపోయాయి. అయినా ఆయన భారం ఆమే నెత్తిన వేసుకుంది. పిల్లలను వార్డులోకి రానివ్వరు కనుక వుడీని ఆవరణలోని చెట్టు కిందికి తీసుకొచ్చేవారు. పిల్లలు కొమ్మలెక్కి ఆడుకుంటుంటే తండ్రి చూస్తూ కూర్చునేవాడు. ఆదివారాలు గ్లీసన్ అనే దంపతులు వుడీని ఈస్ట్ ఆరెంజ్ ఊళ్లోని తమ ఇంటికి తీసుకెళ్లేవారు. అభిమానులైన గాయకులు అక్కడ చేరేవారు.

1961 జనవరిలో ఓ పంతొమ్మిదేళ్ల కుర్రాడు గిటారు తగిలించుకుని వుడీని వెతుక్కుంటూ వచ్చాడు. పేరు బాబ్ డిలన్. వుడీ పాటలను వుడీకే పాడి వినిపించాడు. చేతులు, మెడ అదుపు తప్పి ఊగుతున్న ఆ మనిషి తన పాటలు మరొకరి గొంతులో విన్నాడు. ఆ కుర్రాడికే 2016లో సాహిత్యంలో నోబెల్ వచ్చింది.

చివరికి మాట పూర్తిగా పోయింది. మార్జొరీ ‘అవును’, ‘కాదు’ అని రాసిన కార్డులు ముందు పెడితే వాటితోనే జవాబు చెప్పేవాడు. దాదాపు మూడు వేల పాటలు రాసిన మనిషికి మిగిలినవి ఆ రెండు మాటలు. 1967 అక్టోబర్ 3న న్యూయార్క్‌లోని క్రీడ్‌మూర్ ఆసుపత్రిలో, 55వ ఏట, వుడీ గత్రీ కన్నుమూశాడు.

మార్జొరీ ఏడుస్తూ కూర్చోలేదు. ఆ ఏడాదే ఈ జబ్బు బాధిత కుటుంబాలను కూడగట్టి సంఘం పెట్టింది. సిగ్గుతో తలుపులు మూసుకున్న ఇళ్లను పలకరించింది, శాస్త్రవేత్తలను, ప్రభుత్వాన్ని కదిలించింది. వెనెజువెలాలోని మరకైబో సరస్సు తీరాన ఈ జబ్బున్న పెద్ద కుటుంబాల రక్తాన్ని పరిశోధకులు పరీక్షించారు. 1983లో మార్జొరీ చనిపోయింది. ఆ ఏడాదే ఈ జబ్బుకు కారణమైన జన్యువు నాలుగో క్రోమోజోమ్ మీద ఉందని తేలింది. 1993లో జన్యువే దొరికింది. ఇవాళ ఒక రక్తపరీక్షతో జబ్బు వస్తుందో రాదో చెప్పగలరు. పూర్తిగా నయం చేసే మందు మాత్రం ఇంకా లేదు. వుడీ మొదటి భార్య కూతుళ్లిద్దరినీ ఈ జబ్బే తీసుకుపోయింది.

నోరాకు ఆ రోజుల్లో మందు ఎలాగూ లేదు. కానీ ఆమెను జబ్బుమనిషిగా చూసి ఉంటే, చివరి మూడేళ్లూ పిచ్చిదన్న ముద్రతో గడిచేవి కావు. మందు దొరక్కపోయినా మర్యాద దక్కాలి.

ఈ వ్యాధి మన దేశంలోనూ ఉంది. మీ ఇంట్లోనో, వీధిలోనో ఎవరైనా కాళ్లూ చేతులూ అదుపు తప్పి ఊగిపోతుంటే, మాట తడబడుతుంటే తాగుబోతనో, దెయ్యం పట్టిందనో తీర్పు చెప్పకండి. నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. తాతకో నాయనమ్మకో ఇలాంటి అవస్థ ఉండేదని తెలిస్తే, పెళ్లి సంబంధాలు చెడతాయని దాచిపెట్టకుండా డాక్టరుకు చెప్పండి.