ఉప్పల్ నుండి ఎక్స్‌పాత్ దాక

హైదరాబాదు తూర్పు శివారున ఉప్పల్, నాచారము అను పేరులు వినినంతనే పారిశ్రామికవాడలు జ్ఞప్తికి వచ్చుట సహజమే యైనను, ఆ వీథులకు జీవశాస్త్రముతో గల సంబంధము తక్కువది కాదు. 1987లో ఉప్పల్ రోడ్డున జాతికి అంకితమైన సీసీఎంబీ అను జీవశాస్త్ర పరిశోధనశాలలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ కట్లపాము జాతి సర్పమునుండి గ్రహించిన డీఎన్‌ఏ ఖండము ఆధారముగా వ్యక్తులను గుర్తించు పద్ధతిని రూపొందింపగా, ఆ విద్యనే వృత్తిగా చేపట్టిన సీడీఎఫ్‌డీ అను సంస్థ 1990ల నడుమ ఏర్పడి, చిరకాలము నాచారమున పనిచేసి, నాంపల్లి మీదుగా నేడు ఉప్పల్ చేరినది.

జెల్ పలకపై చారలను పోల్చుటతో ఆరంభమైన ఈ వృత్తి క్రమముగా ఏ, సీ, జీ, టీ అను నాలుగక్షరముల పంక్తులను చదువు పనిగా కూడ విస్తరిల్లినది. 1998 ఫిబ్రవరిలో, సమాచారమును గుర్తుల నడుమ అమర్చి వ్రాయు ఎక్స్‌ఎంఎల్ ప్రమాణము వెలువడిన పిమ్మట జన్యుభాండాగారములు తమ పత్రములను ఆ రూపమునను అందింప మొదలిడినవి. పత్రము చేతికి వచ్చినంత మాత్రమున కావలసిన జన్యువు దొరకదు గదా! దానిని వెదకుటకు పనికివచ్చు ఎక్స్‌పాత్ అను ప్రశ్నాభాష 1999 నవంబరు 16న ప్రమాణమైనది.

దాని నిర్మాతలు భాషలో పెట్టిన ఫంక్షన్లు నక్షత్రములెన్నో అన్నియే, 27. ఈ పొదుపును లోభమనువారు కలరు గాని, నాకది వివేకముగనే తోచును. వానిలో ట్రాన్స్‌లేట్ అనునది ఒక అక్షరమునకు బదులు వేరొకదానిని నిలుపును. ఏ ఎదుట టీ, సీ ఎదుట జీ నిలుచుట డీఎన్‌ఏ ధర్మము గనుక, ఏటీజీసీ అను పంక్తికి జోడు పేట టీఏసీజీ యని అది చెప్పగలదు. కాని ఆ పేటను చదువవలసినది వెనుకనుండి, అనగా జీసీఏటీ యని. జన్యుపాఠకులకు నిత్యావసరమైన ఈ తిరుగవేయు విద్య ఆ 27లో దేనికిని రాదు.

అందుకే బయటి ఫంక్షన్లకు ఆ భాష చోటు విడిచినది. ప్రోగ్రామరు తన ఫంక్షనును వ్రాసి, భాషలోని పేర్లతో కలియకుండ నేమ్‌స్పేస్ అను ఇంటిపేరు తగిలించి, ఎక్స్‌పాత్‌ను నడుపు లైబ్రరీలో నమోదు చేయును. ఆ పేరు ప్రశ్నలో ఎదురైనపుడు లైబ్రరీ దానిని పిలుచును. ఉదాహరణకు జావా భాష 2004 నాటి ఐదవ సంచికలో, పేరును ఆర్గ్యుమెంట్ల సంఖ్యను చెప్పి ఫంక్షనును అడుగు పద్ధతిని నెలకొల్పినది.

2007లో వచ్చిన రెండవ ఎక్స్‌పాత్ పంక్తిని తిరుగవేయ నేర్చినను, లిబ్‌ఎక్స్‌ఎంఎల్2 అను లైబ్రరీ మొదటి దానియందే నిలిచినందున, దానిపై ఆధారపడిన పైథాన్ భాషలోని ఎల్‌ఎక్స్‌ఎంఎల్ వాడువారికి నేటికిని ఈ నమోదు తప్పదు. అందొక మెలకువ కలదు. ట్రాన్స్‌లేట్ వంటివి పత్రమున దొరికిన నోడ్లలో, అనగా అంశములలో, మొదటిదాని పాఠమునే గ్రహించును గాని, మనము వ్రాసినదానికి నోడ్ల పట్టీ అంతయు అందును. జన్యువులోని ఎక్సాన్లు అను ఖండములు పలు నోడ్లుగా నున్నపుడు వానిని ముందు వరుసగ కలిపి పిమ్మట తిరుగవేయవలెను. విడివిడిగ తిరుగవేసి చేర్చినచో ఎక్సాన్ల వరుస తప్పును.