బోటు భద్రతా నిబంధనలు మారేటప్పుడు ప్రజల మాటకు చోటెక్కడ?

బిలాస్‌పూర్ (ఛత్తీస్‌గఢ్): నదులు, జలాశయాల్లో తిరిగే బోట్ల భద్రతా నిబంధనలను రూపొందించేటప్పుడు, సవరించేటప్పుడు ప్రభుత్వాలు ముసాయిదాను ప్రకటించి ప్రజల నుంచి అభ్యంతరాలు, సూచనలు కోరడం పరిపాటి. బోటు ఎక్కే ప్రయాణికులు, దానిని నడిపే సరంగులు తమ అనుభవాన్ని ప్రభుత్వం ముందుంచే అవకాశం ప్రధానంగా ఆ గడువులోనే ఉంటుంది.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు స్థిరపడిన బిలాస్‌పూర్ ఇప్పుడు ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రం. అర్పా నది ఒడ్డున ఉన్న ఈ నగరవాసులకు రతన్‌పూర్ సమీపంలో ఖారంగ్ నదిపై నిర్మించిన ఖూంటాఘాట్ జలాశయం విహారస్థలం. 2020 ఆగస్టులో ఈ జలాశయం అలుగు వద్ద ఉద్ధృత ప్రవాహంలో చిక్కుకుని రాత్రంతా గడిపిన ఒక వ్యక్తిని 17వ తేదీ ఉదయం వైమానిక దళ హెలికాప్టర్ రక్షించింది. అది బోటు ప్రమాదం కాదు. అయితే చూడటానికి ప్రశాంతంగా ఉండే జలాశయం వానాకాలంలో ఎలా మారుతుందో ఆ ఘటన తెలియజేసింది.

చట్టం ఏమి చెబుతోంది?

బ్రిటిష్ పాలనలో నావరేవులకు ప్రాంతానికొక చట్టం ఉండేది. ఉత్తర భారతంలో 1878 నాటి నావరేవుల చట్టం, మద్రాసు రాష్ట్రంలో 1890 నాటి కాలువలు, నావరేవుల చట్టం వచ్చాయి. ఆవిరి పడవల కోసం 1917లో ప్రత్యేక చట్టం చేశారు. అదే తరువాత అంతర్గత నౌకల చట్టంగా పేరు మార్చుకుని శతాబ్దానికి పైగా కొనసాగింది. దాని స్థానంలో పార్లమెంటు 2021 ఆగస్టులో కొత్త అంతర్గత నౌకల చట్టాన్ని ఆమోదించింది.

యంత్రంతో నడిచే ప్రతి బోటుకూ తనిఖీ ధ్రువపత్రం, రిజిస్ట్రేషన్, బీమా, అర్హత గల సిబ్బంది ఉండాలని ఈ చట్టం నిర్దేశిస్తోంది. ఒక రాష్ట్రంలో పొందిన రిజిస్ట్రేషన్ దేశమంతటా చెల్లుతుంది. తనిఖీ, రిజిస్ట్రేషన్ అధికారులను నియమించే బాధ్యత రాష్ట్ర ప్రభుత్వాలది. యంత్రం లేని నాటుపడవల నమోదులో స్థానిక సంస్థలకూ పాత్ర కల్పించారు. ప్రాణరక్షణ సామగ్రి, సిబ్బంది తదితర అంశాలపై కేంద్రం 2022లో నిబంధనలు తెచ్చింది.

ముసాయిదా ఎందుకు కీలకం?

నిబంధనలకు ‘ముందస్తు ప్రచురణ’ తప్పనిసరి అని కేంద్ర చట్టం షరతు విధించిన చోట 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలోని 23వ సెక్షన్ వర్తిస్తుంది. దాని ప్రకారం ముసాయిదాను ప్రచురించాలి, దానిని ఏ తేదీన పరిశీలనకు తీసుకుంటారో తెలపాలి, ఆలోగా అందిన అభ్యంతరాలను, సూచనలను పరిగణించాలి. తుది నిబంధనలు గెజెట్‌లో వెలువడితే, వాటిని సక్రమంగా రూపొందించారనడానికి ఆ ప్రచురణే నిర్ణాయక సాక్ష్యమని అదే సెక్షన్ పేర్కొంటోంది. గడువు దాటిన తరువాత ‘మమ్మల్ని అడగలేదు’ అనే వాదన నిలబడటం అందుకే కష్టమవుతుంది.

కేంద్ర మంత్రిత్వ శాఖల కోసం 2014లో రూపొందించిన సంప్రదింపుల విధానం కనీసం 30 రోజుల గడువు ఉండాలని, ముసాయిదాతో పాటు సరళమైన భాషలో వివరణ ఇవ్వాలని సూచించింది. చట్టభాషలో ఉన్న గెజెట్ ప్రకటన రేవు దగ్గరి మనిషికి చేరాలంటే ఆ వివరణ స్థానిక భాషలో ఉండటం అవసరం.

గోదావరి, కృష్ణ నేర్పిన పాఠాలు

2017 నవంబర్ 12న కృష్ణా నదిలో ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం వద్ద పర్యాటకుల బోటు బోల్తా పడి 20 మందికి పైగా మరణించారు. ఆ బోటుకు అనుమతి లేదని తరువాత తేలింది. 2018 మే 15న దేవీపట్నం మండలం మంటూరు వద్ద పెనుగాలికి లాంచీ మునిగింది. అందులో ఉన్నది విహారానికి వచ్చినవారు కాదు, పనులు చూసుకుని ఇళ్లకు తిరిగి వెళ్తున్న ఏజెన్సీ గ్రామాల ప్రజలు.

2019 సెప్టెంబర్ 15న అదే మండలంలోని కచ్చులూరు వద్ద పాపికొండల యాత్రకు వెళ్తున్న రాయల్ వశిష్ఠ బోటు మునిగింది. ఆనాడు గోదావరిలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద ప్రవహిస్తోంది. బోటులో ఉన్న 77 మందిలో 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. బోటును అక్టోబర్ 22న గానీ వెలికితీయలేకపోయారు. ఆ తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 జూన్‌లో గోదావరి, కృష్ణా నదీతీరాలతో పాటు విశాఖలోని రుషికొండ వద్ద కలిపి 9 బోటింగ్ కంట్రోల్ రూములు ప్రారంభించింది. బయలుదేరే ముందు ప్రయాణికుల సంఖ్యను, రక్షణ సామగ్రిని, వాతావరణాన్ని పరిశీలించే బాధ్యతను వాటికి అప్పగించింది.

సూచనలు ఎలా ఉండాలి?

ఈ ప్రమాదాల నుంచి నాలుగు ప్రశ్నలు తలెత్తుతాయి. ముసాయిదా చదివేవారు వాటికి అందులో సమాధానం ఉందో లేదో చూసుకోవచ్చు.

మొదటిది, బోటు ప్రయాణాన్ని ఆపే అధికారం ఎవరిది? ప్రవాహం లేదా నీటిమట్టం ఏ అంకె దాటితే ఆపాలో నిబంధనలోనే లేకపోతే ఆ నిర్ణయం బోటు యజమాని చేతికి వెళ్తుంది. రెండవది, లైఫ్ జాకెట్లు బోటులో ఉంటే చాలా, ప్రయాణమంతా ధరించాలా? పిల్లల కొలతలకు సరిపోయేవి ఉంచాలా? మూడవది, ఎక్కే ప్రయాణికులను రేవులో లెక్కించేది ఎవరు? పరిమితిని బోటుపై స్థానిక భాషలో రాయాలా? నాలుగవది, జలవనరులు, పర్యాటకం, పోలీసు, రెవెన్యూ శాఖల్లో చివరి బాధ్యత ఎవరిది?

వీటితో పాటు మరొక వైపు కూడా చూడవలసి ఉంటుంది. వరద రోజున విహార బోటు ఆగితే ఒక సెలవు వృథా అవుతుంది. నదికి ఆవల ఉన్న ఊరి పడవ ఆగితే ఆసుపత్రికి, బడికి, సంతకు దారి మూసుకుపోతుంది. రెండింటికీ ఒకే నిబంధన పెడితే గ్రామస్థులు అనుమతి లేని పడవ ఎక్కే పరిస్థితి వస్తుంది. ప్రత్యామ్నాయ రవాణా, నాటుపడవల వారికి రాయితీపై రక్షణ సామగ్రి వంటి సూచనలు అలాంటి గ్రామాల నుంచే రావలసి ఉంటుంది.

సూచన పంపేవారు ముసాయిదాలోని నిబంధన సంఖ్యను పేర్కొని, ఇబ్బంది ఏమిటో, దానికి బదులు ఏ వాక్యం ఉండాలో రాస్తే అధికారులు దానిని పరిశీలించడం సులభమవుతుంది. నిర్దిష్టమైన రేవు పేరు, కాలం, నీటి పరిస్థితి తెలిపితే మరింత బలం చేకూరుతుంది. ప్రకటనలో ఇచ్చిన చిరునామాకు గడువులోగా పంపి, అందినట్లు రసీదు తీసుకోవడం మంచిది.

రైలు ప్రమాదం జరిగినప్పుడు రైల్వే భద్రతా కమిషనర్ విచారణకు ముందు, తెలిసిన సమాచారం చెప్పాలని ప్రజలను కోరుతూ ప్రకటన ఇస్తారు. బిలాస్‌పూర్ రైల్వే కుటుంబాలకు ఆ పద్ధతి పరిచితమే. ఆ సాక్ష్యం ప్రమాదం జరిగిన తరువాత ఇచ్చేది. బోటు నిబంధనల ముసాయిదాపై పంపే సూచన ప్రమాదానికి ముందే నమోదయ్యే సాక్ష్యం.