సాఫ్ట్‌వేర్ యాక్టివేషన్

కొన్న ప్రోగ్రాంను ఒక కంప్యూటర్‌కు ముడిపెట్టి, ఆ సంగతి తయారీ సంస్థ దగ్గర నమోదయ్యాకే పూర్తిగా పనిచేయనిచ్చే పద్ధతిని సాఫ్ట్‌వేర్ యాక్టివేషన్ అంటారు. ఒకే కాపీని పదిమంది పంచుకోకుండా ఆపడం దీని ఉద్దేశం. పైరసీ చేసేవారు ఏదో ఒక దారిలో దీన్ని తప్పించుకుంటూనే వచ్చారు. దీని నిబంధనలన్నీ భరించింది డబ్బు పెట్టి కొన్నవారే. సంస్థలు చాలాసార్లు వెనక్కి తగ్గింది కూడా వారి నిరసన వల్లనే.

తొలినాళ్లు

1976 ఫిబ్రవరిలో బిల్ గేట్స్ కంప్యూటర్ ఔత్సాహికులకు బహిరంగ లేఖ రాశారు. తమ సంస్థ తయారుచేసిన ఆల్టెయిర్ బేసిక్ ప్రోగ్రాంను వాడుతున్నవారిలో అత్యధికులు కొనకుండానే వాడుతున్నారని, అది దొంగతనమేనని అందులో నిలదీశారు. 1980ల్లో కాపీ కాని ఫ్లాపీలు వచ్చాయి. 1983లో విడుదలైన లెక్కల ప్రోగ్రాం లోటస్ 1-2-3ను హార్డ్ డిస్కులోకి ఎక్కించుకున్నా, తెరవాలంటే అసలు ఫ్లాపీ డ్రైవ్‌లో ఉండాల్సిందే. ఆ ఫ్లాపీ పాడైతే ఆఫీసులో లెక్కల పని ఆగిపోయేది. ఫిర్యాదులు పెరగడంతో ఆ దశాబ్దం రెండో సగంలో చాలా వ్యాపార సాఫ్ట్‌వేర్ సంస్థలు ఈ కట్టడిని ఎత్తేశాయి. ఖరీదైన ప్యాకేజీలు మాత్రం పోర్టుకు తగిలించే డాంగిల్‌ను నమ్ముకున్నాయి.

ఎక్స్‌పీతో మలుపు

కంప్యూటర్ భాగాల వివరాలతో లైసెన్స్‌ను ముడిపెట్టే ఒక విధానానికి ఆస్ట్రేలియాకు చెందిన రిక్ రిచర్డ్‌సన్ 1996లో అమెరికా పేటెంట్ పొందారు. మైక్రోసాఫ్ట్ యాక్టివేషన్ ఇదే పేటెంట్‌ను ఉల్లంఘించిందంటూ ఆయన స్థాపించిన యూనిలాక్ సంస్థ 2003లో దావా వేసింది. 2009లో జ్యూరీ 38.8 కోట్ల డాలర్ల పరిహారం ప్రకటించింది. ఆ తీర్పు పై కోర్టుల్లో నలిగి, చివరికి 2012లో రాజీతో ముగిసింది.

యాక్టివేషన్‌ను ఇంటింటికీ చేర్చింది 2001లో వచ్చిన ఆఫీస్ ఎక్స్‌పీ, విండోస్ ఎక్స్‌పీలు. విండోస్‌కు 25 అక్షరాల ప్రొడక్ట్ కీ ఇచ్చాక, 30 రోజుల్లోగా యాక్టివేట్ చేసుకోవాలి. ప్రాసెసర్, హార్డ్ డిస్క్, గ్రాఫిక్స్ కార్డు, నెట్‌వర్క్ కార్డు వంటి పది భాగాల వివరాలను కుదించి విండోస్ ఒక గుర్తింపు సంఖ్య తయారుచేసేది. ఇంటర్నెట్ లేనివారు ఫోన్ చేసి, తెర మీద ఆరేసి అంకెల గుంపులుగా కనిపించే ఆ పొడవాటి సంఖ్యను చదివి వినిపించాలి. అవతలి నుంచి చెప్పే 42 అంకెలను ఒక్కటీ తప్పకుండా గడుల్లో నింపాలి. తర్వాత ఒకేసారి ఎక్కువ భాగాలు మారిస్తే మళ్లీ మొదటికే. పెద్ద సంస్థలకు ఇచ్చే వాల్యూమ్ లైసెన్స్ కాపీలకు మాత్రం యాక్టివేషన్ అక్కర్లేదు. అలాంటి కీ ఒకటి ఎక్స్‌పీ విడుదలకు ముందే బయటికి పొక్కి ప్రపంచమంతా పాకింది.

నిరసనలు

అమెరికాలో పన్ను రిటర్నులకు వాడే టర్బోట్యాక్స్‌కు ఇంట్యూట్ సంస్థ యాక్టివేషన్ పెట్టింది. కొనుగోలుదారులు తీవ్రంగా వ్యతిరేకించడంతో 2003లోనే దాన్ని విరమించుకుంది. 2008లో ‘స్పోర్’ ఆటను మూడుసార్లే యాక్టివేట్ చేసుకోవాలని ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ షరతు పెట్టింది. అమెజాన్‌లో దానికి ఒక్క స్టార్ రేటింగులు వెల్లువెత్తాక ఆ హద్దును ఐదుకు పెంచింది. అదే ఏడాది అక్టోబరులో చైనాలో నకిలీ విండోస్ ఉన్న కంప్యూటర్ల డెస్క్‌టాప్ గంటకోసారి నల్లబడేలా మైక్రోసాఫ్ట్ చేసింది. తమ సొంత యంత్రంలో మరొకరు చేయిపెట్టడమేమిటని అక్కడి వాడకందారులు మండిపడ్డారు.

సర్వర్ పలకకపోతే

2007 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ధ్రువీకరణ సర్వర్లు చాలా గంటలపాటు పొరబడి, సక్రమంగా కొన్న విండోస్‌లను కూడా నకిలీవిగా ముద్రవేశాయి. 2010 మార్చిలో ఆటల సంస్థ యుబిసాఫ్ట్ సర్వర్ల మీద దాడి జరిగింది. ఆడినంతసేపూ ఇంటర్నెట్ ఉండి తీరాల్సిన ‘అసాసిన్స్ క్రీడ్ 2’ను కొన్నవారు అప్పుడు ఆడలేకపోయారు. దొంగిలించని మనిషి తాను దొంగను కానని మళ్లీమళ్లీ రుజువు చేసుకోవాల్సి రావడమే ఈ ఆగ్రహానికి మూలం. అందులో న్యాయముంది.

భారతదేశంలో

మన దగ్గర లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ, భారతీయ భాషల డీటీపీ ప్యాకేజీలు చాలాకాలం ‘హార్డ్‌వేర్ లాక్’ అనే డాంగిల్‌తో నడిచాయి. తర్వాత ట్యాలీ ఆన్‌లైన్ యాక్టివేషన్‌కు మారింది. కంప్యూటర్ మార్చాలంటే పాతదాంట్లో లైసెన్స్ సరెండర్ చేసి, కొత్తదాంట్లో తిరిగి యాక్టివేట్ చేసుకోవాలి. కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ ప్రకారం తెలిసీ పైరసీ ప్రోగ్రాం వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. కాపీరైట్‌ను ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి సాంకేతిక తాళాలను ఛేదిస్తే నేరమని 2012 సవరణ 65ఏ సెక్షన్‌ను చేర్చింది. న్యాయంగా కొన్నవారు భద్రత కోసం అదనపు కాపీ తీసుకునే హక్కును అదే చట్టం గుర్తిస్తుంది.

నేటి స్థితి

అడోబీ 2013లో చందా పద్ధతికి మారింది. దానికి కొద్దిగా ముందే తన పాత ప్యాకేజీ సీఎస్2 యాక్టివేషన్ సర్వర్‌ను మూసేసింది. అప్పటికే కొన్నవారు నష్టపోకుండా, యాక్టివేషన్ అవసరంలేని కాపీని అందించింది. మిగతా సంస్థలూ ఈ మర్యాద పాటించాలన్నదే ఇప్పుడు ప్రధానమైన కోరిక. ‘ది క్రూ’ ఆట సర్వర్లను యుబిసాఫ్ట్ 2024లో ఆపేశాక యూరప్‌లో ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం బయల్దేరింది. సంస్థ సర్వర్ ఆపేసినా కొన్న ఆట ఆడుకునే వీలుండేలా చట్టం తేవాలని కోరుతూ అది చేపట్టిన పిటిషన్‌పై 2025 జులై నాటికి పది లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి.