ఐదు డాలర్లకు అమ్మిన బొంత

మన సంఘంలో ఒక తల్లీ కూతురూ అమ్మమ్మ పాత చీరలతో తమ మొదటి బొంత కుడుతున్నారు. జ్ఞాపకంగా దాచుకోవడానికట. ఆ మాట వినగానే నాకు హారియెట్ పవర్స్ గుర్తొచ్చింది.

ఈమె 1837లో అమెరికాలోని జార్జియాలో బానిసగా పుట్టింది. బానిసత్వం పోయాక ఏథెన్స్ పట్టణం దగ్గర పిల్లలను పెంచుకుంటూ ఒక బొంత కుట్టింది. గుడ్డముక్కలను బొమ్మలుగా కత్తిరించి, 11 గళ్లలో బైబిలు కథలు అతికి కుట్టింది. ఏదెను తోట, హేబెలు హత్య, యాకోబు కల, ప్రభువు బాప్తిస్మము, సిలువ... యూదా తీసుకున్న 30 వెండి నాణెములను కూడా వదల్లేదు!

1886లో అక్కడి పత్తి ప్రదర్శనలో దాన్ని చూసి, జెన్నీ స్మిత్ అనే చిత్రకళా ఉపాధ్యాయిని కొంటానంది. హారియెట్ ఎంతకీ అమ్మనంది. కొన్నేళ్లకు ఇబ్బందులు వచ్చాయి. 10 డాలర్లు అడిగితే స్మిత్ 5 మాత్రమే ఇవ్వగలనంది. భర్త అమ్మేయమన్నాడు. శుభ్రమైన పిండి సంచిలో చుట్టి, ఎద్దుబండిలో, పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. ఒక్కో గడినీ వివరించి మరీ ఇచ్చింది. స్మిత్ అదంతా రాసిపెట్టింది. ఆ రాత లేకపోతే ఆ బొమ్మల్లో సగం మనకు అర్థమయ్యేవి కావు. (అమ్మా, ఏ ముక్క ఏ చీరదో పాప చేత ఒక కాగితం మీద రాయించండి.)

ఆ బొంత ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. అమ్మేశాక కూడా హారియెట్ దాన్ని చూసుకోవడానికి చాలాసార్లు ఆ ఇంటికి వెళ్లింది. గుడ్డముక్కలన్నీ నీకోసం దాచిపెడతానని స్మిత్ మాటిచ్చాకే కాస్త ఊరట పొందిందట.