బళ్ళారి దాకా వచ్చిన మందు

ఈసారి వడియాలూ అప్పడాలూ కాదు, కొంచెం బరువైన సంగతి చెబుతాను. పొయ్యి మీద ఏమన్నా ఉంటే సెగ తగ్గించి వచ్చి కూర్చోండి.

మా ఆదోని, ఎమ్మిగనూరు వైపు మతి చలించిన మనుషుల్ని ఒక్కొక్కరిని ఒక్కో మాటతో చెబుతారు. మగవాడైతే ఎవరో చేతబడి చేయించారంటారు. పెళ్ళి కావలసిన పిల్లయితే గాలి సోకిందంటారు. బాలింతయితే సన్ని కమ్మిందంటారు. దిగులుతో తిండీ నిద్రా మానేసి గోడకు తిరిగి పడుకున్న మనిషిని మనాది పెట్టుకుందంటారు. ఈ ఆఖరి మాటంటే నాకు ఇష్టం. మనోవ్యాధి అన్నదే నోళ్ళలో నలిగి మనాది అయింది. అంటే మనసుకూ వ్యాధి వస్తుందని మన అవ్వలకు తెలుసునన్నమాట. మరి తెలిసీ వైద్యుడి దగ్గరికి ఎందుకు తీసుకుపోలేదంటారా? ఎక్కడున్నాడమ్మా వైద్యుడు? ఆ చరిత్రే ఈ పూట చెప్పదలచుకున్నది.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మా పెద్దమ్మను ఎమ్మిగనూరులో మగ్గాల ఇంటికి ఇచ్చారు. 1986లో, నాకు ఆరేళ్ళప్పుడు, ఆమెకు రెండో కాన్పు అయింది. ఎనిమిదో రోజు నుంచి నిద్ర పోయింది. మూడు రాత్రులు పడసాలలో అలాగే కూర్చుని, నాలుగోనాడు బిడ్డను చూసి "ఇది నా బిడ్డ కాదు, ఎవరో మార్చేశారు" అంది. బిడ్డను అత్తగారు తీసేసుకున్నారు. పెద్దమ్మను గుంజకు పాత చీరతో కట్టి, వేపమండలు తెచ్చి, మిరపకాయల పొగ పెట్టారు. నేను గడప అవతల నిలబడి చూశాను. ఆ పొగకు నాకు వచ్చిన దగ్గు ఇప్పటికీ గుర్తుంది.

తర్వాత మంత్రాలయం తీసుకుపోయారు. మండలం రోజులు సేవ. తెల్లవారుజామున తుంగభద్రలో స్నానం, తడిబట్టలతో బృందావనం చుట్టూ ప్రదక్షిణలు, మధ్యాహ్నం తీర్థప్రసాదాలు. పెద్దమ్మ కొంత నిదానించింది. దీన్ని నేను వెక్కిరించను. వేళకు లేవడం, వేళకు తినడం, పక్కన కన్నతల్లి ఉండడం, కట్టేసేవాళ్ళూ కొట్టేవాళ్ళూ లేకపోవడం, ఇవన్నీ మందులాంటివే. బెంగుళూరు నిమ్హాన్స్ వైద్యులు దక్షిణాదిలోని ఒక గుడికి వెళ్ళి, అక్కడ బస చేసిన 31 మంది మానసిక రోగుల్ని పరిశీలించి 2002లో ఆ వివరాలు అచ్చువేశారు. మందులేమీ లేకుండానే కొన్ని వారాల్లో జబ్బు లక్షణాలు దాదాపు అయిదో వంతు తగ్గాయని తేలింది. ఉరుకుంద ఈరన్న దగ్గరికీ, దర్గాలకూ మనవాళ్ళు పోవడంలో ఏదో ఉందన్నమాటే. అయితే తగ్గింది అయిదో వంతే. మిగతా నాలుగు వంతులో?

పెద్దమ్మకు ఆ నాలుగు వంతులే మిగిలాయి. ఏడాది తిరగకముందే జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. అత్తగారివాళ్ళు ఆమెను ఆదోనికి, పుట్టింటికి తెచ్చి దింపేశారు. పెరట్లో గడ్డి వేసుకునే గదిని ఊడ్చి, అందులో ఉంచారు. ఎవరన్నా అడిగితే "ఎమ్మిగనూరులోనే ఉంది" అని చెప్పమని పిల్లలందరికీ నేర్పారు.

ఇప్పుడు వెనక్కి వెళదాం. మన దేశంలో ఆసుపత్రులు లేవా అంటే, ఉన్నాయి. మద్రాసులో 1794లోనే వాలెంటైన్ కనోలీ అనే కుంపిణీ వైద్యుడు పురసవాక్కంలో పదహారు మందికి ఒక పిచ్చాసుపత్రి పెట్టాడు. 1871లో అది కీల్పాక్కం తోటలోకి మారింది. తెలుగువాళ్ళకు విశాఖపట్నంలో ఒకటి వచ్చింది, హైదరాబాదు వాళ్ళకు తర్వాత ఎర్రగడ్డ అయింది. ఆ ఊరి పేరే తిట్టు అయిపోయిందంటే ఆలోచించండి! 1858లో చేసిన చట్టం ప్రకారం, వీధుల్లో తిరుగుతూ ప్రమాదకరంగా కనబడినవాణ్ణి పోలీసు పట్టుకుని మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, మేజిస్ట్రేటు ఆసుపత్రికి పంపాలి. అంటే జబ్బు మనిషి మొదట చూసేది వైద్యుణ్ణి కాదు, పోలీసును. ఎత్తయిన గోడలు, తాళాలు, వార్డర్లు, అన్నీ జైలు పద్ధతే. 1912 చట్టంతో అజమాయిషీ జైళ్ళవాళ్ళ నుంచి వైద్యుల చేతికి వచ్చింది. 1922లో మద్రాసు ఆశ్రమానికి మానసిక వైద్యశాల అని పేరు మార్చారు. జనం నోటి పేరు మాత్రం మారలేదు.

పోనీ, పోదామన్నా చోటేదీ? 1946లో భోర్ కమిటీ లెక్క తీస్తే యావత్ భారతదేశానికి మానసిక వైద్యశాలల్లో ఉన్న పడకలు సుమారు 10,000. ఇంగ్లండులో 300 మందికి ఒక పడక ఉంటే ఇక్కడ 40,000 మందికి ఒకటి! మిగిలిన వాళ్ళందరూ ఎక్కడున్నారు మరి? మనలాంటి వాళ్ళ ఇళ్ళ పెరళ్ళలో, గడ్డి గదుల్లో. వాళ్ళకు నర్సులెవరంటే అమ్మలూ, అక్కచెల్లెళ్ళూ. ఏ రిపోర్టులోనూ వాళ్ళ పేర్లుండవు.

మా అవ్వ అలాంటి నర్సే. చదువు లేదు. అయినా తనకు తోచిన ఉపాయమొకటి కనిపెట్టింది. ఆదోనిలో దూదికి కరువా? ఒక చేట నిండా దూది ఇచ్చి వత్తులు చేయమని పెద్దమ్మ ముందు పెట్టేది. మనసు నిమ్మళంగా ఉన్ననాడు వత్తులన్నీ ఒకే సైజులో సన్నగా వచ్చేవి. గాలివాన రాబోయే ముందు మాత్రం లావూ సన్నమూ అయ్యేవి, కొన్ని తెగేవి. పొద్దున చేట చూసి అవ్వ "ఈ పొద్దు పిల్లల్ని అటు పోనీకండి" అనేది. చేతికి పని ఇస్తే మనసు కుదుటపడుతుందని ఇవాళ పెద్ద ఆసుపత్రుల్లో దానికోసం ప్రత్యేకంగా విభాగాలే పెట్టారు.

ఇక మందు సంగతి. 1938లో రోము నగరంలో కరెంటు వైద్యం మొదలైంది. అసలు మలుపు 1952లో వచ్చింది. పారిస్‌లో దిలే, దెనికేర్ అనే ఇద్దరు వైద్యులు క్లోర్‌ప్రోమజీన్ అనే మందు ఇచ్చి చూస్తే, ఏళ్ళ తరబడి కేకలు వేసినవాళ్ళు నెమ్మదించి మామూలుగా మాట్లాడసాగారు. అదే ఏడాది మన సర్పగంధి వేరు నుంచి రిసర్పిన్ అనే మందును స్విట్జర్లండులో విడదీశారు. ఆ వేరు రక్తపుపోటుకూ, పిచ్చికీ పనిచేస్తుందని 1931లోనే కలకత్తా వైద్యులు గణనాథ సేన్, కార్తీక్ చంద్ర బోస్ రాసి ఉన్నారు. అలాగని మీరు సర్పగంధి నూరి ఎవరికీ పెట్టకండమ్మా. అది కొందరిలో దిగులును ఇంకా పెంచుతుందని తర్వాత తేలింది. మంచి మందులు వేరే వచ్చాక దాన్ని ఈ జబ్బులకు వాడడం మానేశారు.

మందు వచ్చాక గోడలతో పని తగ్గింది. అమృతసర్‌లో డాక్టర్ విద్యాసాగర్ అనే మహానుభావుడు 1950లలో ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి, రోగులతోపాటు వాళ్ళ ఇంటివాళ్ళనూ ఉండనిచ్చాడు. రోగి కోలుకోవడం కళ్ళారా చూసిన ఇంటివాళ్ళకు భయం పోయింది, తిరిగి ఇంటికి తీసుకుపోయారు. నాకు ఈ గుడారాల మాట చదివినప్పుడు మంత్రాలయంలో సత్రం అరుగు మీద పెద్దమ్మ పక్కన పడుకున్న అవ్వే కళ్ళ ముందు మెదిలింది.

ఇక్కడ ఒక చిన్న సరిహద్దు సంగతి చెప్పాలి. 1800లో దత్తమండలాలు కుంపిణీ చేతికి వచ్చిన తర్వాత ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం అన్నీ బళ్ళారి జిల్లాలోవే. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో, రాయదుర్గం తాలూకా అనంతపురం జిల్లాలో కలిశాయి. బళ్ళారి, సిరుగుప్ప వంటివి మైసూరు రాష్ట్రానికి పోయాయి. జిల్లాలు విడిపోయాయి గాని వియ్యాలు విడిపోలేదు. మా మేనత్తనే సిరుగుప్పలో ఇచ్చాం.

1974 డిసెంబర్‌లో బెంగుళూరులో నిమ్హాన్స్ ఏర్పడింది. అక్కడి వైద్యులు ఒక ప్రశ్న వేసుకున్నారు. పల్లెల్లో ఉన్నవాళ్ళంతా బెంగుళూరు రాలేరు, మనమే పోతే? ముందు పక్కనున్న సకలవార గ్రామంలో చేసి చూశారు. 1982లో దేశానికంతటికీ మానసిక ఆరోగ్య కార్యక్రమం ఒకటి ప్రభుత్వం ప్రకటించింది. దాన్ని ఒక జిల్లా మొత్తంలో అమలు చేసి చూద్దామని 1985లో ఎంచుకున్నది ఏ జిల్లాననుకున్నారు? బళ్ళారినే!

అక్కడ కొత్తగా పెద్ద ఆసుపత్రేమీ కట్టలేదు. సుమారు 15 లక్షల జనాభా ఉన్న జిల్లాలో అప్పటికే ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు కొద్దిరోజులు శిక్షణ ఇచ్చారు. ఊరూరా తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు ఏం అడగాలో నేర్పారు. మీ ఇంట్లో పొంతన లేకుండా మాట్లాడేవాళ్ళున్నారా? తనలో తాను నవ్వుకునేవాళ్ళు? ఎవరితోనూ కలవకుండా మూలన కూర్చునేవాళ్ళు? మూర్ఛ వచ్చేవాళ్ళు? అవసరమైన నాలుగైదు రకాల మందులే ఆ కేంద్రాల్లో ఉంచారు. కష్టమైన కేసులకు జిల్లా కేంద్రంలో మానసిక వైద్యుడు. అంతే. జ్వరం మాత్ర దొరికే చోటే మతి కుదిర్చే మాత్రా దొరికింది. ఈ బళ్ళారి పద్ధతినే 1996లో దేశంలో నాలుగు జిల్లాలకు విస్తరించారు. అందులో తెలుగువాళ్ళకు దక్కింది మెదక్ ఒక్కటి. తర్వాతే మెల్లగా మిగతా జిల్లాలకు వచ్చింది.

ఆ 1985, 1990ల మధ్య మా పెద్దమ్మ గడ్డి గదిలో ఉంది. బస్సెక్కితే రెండు గంటల దూరంలో మందు ఉంది. 1953లో గీత కొంచెం ఇటు గీసి ఉంటే ఆ కార్యకర్త మా ఇంటికీ వచ్చేది కదా అని చాలాకాలం అనుకునేదాన్ని. ఇప్పుడైతే, ఆమె వచ్చి గుమ్మంలో నిలబడి అడిగినా మేం "మా ఇంట్లో ఎవరూ లేరమ్మా" అనే చెప్పేవాళ్ళమేమో అనిపిస్తుంది.

1994లో మా నాన్న స్నేహితుడొకాయన బలవంతం మీద ఆమెను కర్నూలు తీసుకుపోయి చూపించారు. డాక్టరుగారు మొదట అడిగింది కాన్పు ఎప్పుడైందని. బాలింతలకు వచ్చే ఈ జబ్బు వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో వస్తుందట. సాధారణంగా మొదటి రెండు వారాల్లోనే బయటపడుతుంది. వెంటనే మందిస్తే ఎక్కువమంది పూర్తిగా కోలుకుంటారు. ఎనిమిదేళ్ళు ఆలస్యమైనా, పెద్దమ్మ ఆరు నెలల్లో పొయ్యి దగ్గర కూర్చుని జొన్నరొట్టెలు తట్టింది. ఆ బిడ్డను చూపించడానికి తీసుకొచ్చారు. ఆ పిల్ల ఆమెను "అక్కా" అని పిలిచింది.

పెద్దనాయన అప్పటికే మారుమనువు చేసుకున్నాడు, కోర్టు గుమ్మం తొక్కకుండానే. 1955 హిందూ వివాహ చట్టం నయంకాని మతిభ్రమణం మూడేళ్ళుంటే విడాకులు ఇవ్వవచ్చంది. 1976లో ఆ నిబంధనను మార్చారు. 1988లో సుప్రీంకోర్టు, భార్యకు ఒక మానసిక జబ్బు పేరు పెట్టినంత మాత్రాన విడాకులు చెల్లవనీ, ఆ జబ్బు ఎంత తీవ్రంగా ఉందో, కలిసి బతకడం సాధ్యమో కాదో చూడాలనీ తీర్పు చెప్పింది. ఈ సంగతి మన ఆడవాళ్ళకు తెలియాలనే ఇక్కడ రాస్తున్నాను.

2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో దర్గా దగ్గరున్న ఒక ప్రైవేటు ఆశ్రమంలో నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉండడం వల్ల పారిపోలేక 28 మంది రోగులు చనిపోయారు. ఇప్పుడు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఎవరినీ ఏ విధంగానూ గొలుసులతో బంధించకూడదు. చికిత్స పొందే తల్లి నుంచి మూడేళ్ళలోపు బిడ్డను మామూలుగా విడదీయకూడదు. బిడ్డకు ప్రమాదముందని వైద్యులు తేలిస్తేనే వేరు చేయాలి, అదీ కొంతకాలమే. ఈ వాక్యం చదివిన రోజు నేను అన్నం వండలేకపోయాను. 2022 నుంచి 14416 అనే ప్రభుత్వ నంబరుకు ఫోన్ చేస్తే డబ్బు లేకుండా తెలుగులోనే మాట్లాడతారు. క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి.

పోయిన శ్రావణంలో ఉరుకుందకు అందరం పోయాం. సిరుగుప్ప మేనత్త కూడా వచ్చింది, ఎనభైకి దగ్గరపడింది. చెట్టు కింద బువ్వ తింటూ ఏదో మాటకు మాట వచ్చి, "మా ఎదురింటి పిల్లవాడికి ఆ రోజుల్లో మా ఊరి ఆసుపత్రిలోనే మాత్రలిచ్చేవాళ్ళు వదినా, ఊరికే. బాగైపోయి పెళ్ళి కూడా చేసుకున్నాడు. నీ సంగతి నాకు ఒక్కరన్నా చెప్పారా?" అంది. మా నాన్న తల వంచుకుని విస్తరి మడిచాడు. పెద్దమ్మ సంచిలోంచి మాత్రల డబ్బా తీసి, ఆ పూట మాత్ర అరచేతిలో వేసుకుని, నా వైపు చూసి నీళ్ళడిగింది.