వంతెనపై పాదచారి త్రోవ

కిన్వట్ తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాలోనిది. రాష్ట్రముల పునర్విభజనతో అది నాందేడు జిల్లాలో చేరి బొంబాయి రాష్ట్రమునకును, 1960 మే 1వ తేదీన మహారాష్ట్రమునకును చెందినది. సర్ఖని వాసులమైన మనము ఊరు కదలకయే రాష్ట్రము మారిన సీమలో నున్నాము. మన పెద్దలకు నాడు రాజధాని హైదరాబాదు. కావున వంతెనల చరిత్రను మూసీనదితో ప్రారంభించుట మనకు సహజము.

గోలకొండ నేలిన ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలమున, 1578లో, మూసీపై 22 కమానుల రాతి వంతెన వెలసెను. చార్మినారు 1591 నాటిది. అనగా నగరముకంటె ముందే వంతెన పుట్టినది. యువరాజు ప్రియురాలిని చూచుటకై వరదలో నది దాటగా తండ్రి దీనిని కట్టించెనని జనులు చెప్పుకొందురు. కథను కథగానే గ్రహింతము. నాడు దానిపై సాగినవి మనుష్యుల పాదములు, ఎడ్లబండ్లు, గుఱ్ఱములు, ఏనుగులు. నడకను మిక్కిలి మించిన వేగము అరుదు. నడచువానికి వేరు త్రోవ అక్కరలేకపోయెను.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలకొలది ప్రాణములను హరించినప్పుడు, అఫ్జల్‌గంజ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతినగా ఈ వృద్ధ వంతెన మాత్రము నిలిచి ఇరు గట్టులను కలిపి యుంచెను. అదియే పురానాపూల్.

నదులను జయించిన వంతెనకు తరువాత వచ్చిన చిక్కు మోటారు వేగము. బాటపై లారీ ఎదురైనచో బాటసారి ప్రక్కనున్న మట్టిలోనికి తొలగవచ్చును. వంతెనపై తొలగుటకు చోటు లేదు. ఒక ప్రక్క చక్రములు, మరియొక ప్రక్క పిట్టగోడ, దాని క్రింద నీరు. సైకిలువానికి గాలి త్రోపుడును, వంతెన పలకల నడిమి సందులును అదనపు గండములు. బండ్లకు చోటు చాలదని కాలిబాటను కోసివేయుట కంటె అన్యాయము మరొకటి లేదు.

కాలిబాట ఉన్నంతమాత్రమున చాలదు, అది చాలినంత వెడల్పుగా నుండవలెను. న్యూయార్కునందలి బ్రూక్లిన్ వంతెన 1883 మే 24న తెరువబడగా, ఆరు దినములకే నడకదారి మెట్లపై తొక్కిసలాటలో 12 మంది మరణించిరి. ఆ వంతెనపై బండ్ల వరుస నొకదానిని సైకిళ్లకు విడుచుటకు 2021 వరకు వేచియుండవలసి వచ్చెను. మన మహారాష్ట్రముననే 2017 సెప్టెంబరు 29న ముంబయి ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషనులో, వానకు తలదాచుకొనిన జనముతో క్రిక్కిరిసిన పాదచారుల వంతెన ఇరుకు మెట్లపై 23 మంది అసువులు బాసిరి. నడచువారికే కట్టిన వంతెన నడచువారి లెక్కకు చాలలేదు!

నివారణోపాయములు క్రొత్తవి కావు. బాటకంటె ఎత్తైన కాలిబాట, బండ్లకును దానికిని నడుమ కమ్ములు, సందులపై మూతలు, రాత్రి దీపములు, వంతెన చివర తెగిపోక ఊరివరకు సాగు త్రోవ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కాలిబాటకు కనీసము 1.8 మీటర్ల నిరాటంకమైన వెడల్పు నిర్దేశించినది. ఇద్దరు ఎదురెదురుగా తాకకుండ పోవుటకు ఇది అవసరము. 2020లో హైదరాబాదు దుర్గం చెరువుపై తెరచిన తీగల వంతెనకు నడకదారులు ముందే కల్పించిరి.

పురానాపూల్ గతి విచిత్రము. బండ్లకు ప్రక్కన వేరు వంతెన ఏర్పడగా, ఇటీవలి దశాబ్దములలో దానిపై కూరగాయల అంగళ్లు వెలసినవి. నాలుగు శతాబ్దముల పిమ్మట అది తిరిగి పాదములకే దక్కినది.

కిన్వట్ ప్రక్కన పారు పైన్‌గంగ వార్ధాలో కలియును, ఆ నీరు ప్రాణహిత ద్వారా గోదావరిని చేరును. ఆ గోదావరియే తెలుగునాట రాజమహేంద్రవరము మీదుగా సాగును. ఈ నీటి బాటపై ఎన్నియో వంతెనలు కలవు, ఇంకను వచ్చును. ఎక్కడ క్రొత్త వంతెన తలపెట్టినను, పాతది వెడల్పు చేసినను, తెలుగువారమైన మనము మరాఠీ సోదరులతో కలిసి ముందుగా అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: బడికి పోవు బిడ్డ ఎక్కడ నడచును? బండ్ల లెక్క తరువాత చూచుకొనవచ్చును.